వెనక వరుస బోడిగుండు కోసం చేసిన ప్రార్థన

ఫిబ్రవరి 3

ప్రియమైన సహోదరునికి,

మన ప్రభువు పరిశుద్ధ నామమున శుభములు. ఆయన కృప వలన ఇచ్చట నేను క్షేమముగా నున్నాను. అచ్చట నీవును సమాధానము కలిగియున్నావని విశ్వసించుచున్నాను. జరిగినదాని నిమిత్తము నా హృదయములో నీపై ఎట్టి కోపమును లేదు.

నీవు ములాఖత్తులకు బయటికి రానందున నిన్ను చూచుటకు వేరొక మార్గము లేకపోయెను. మా సంఘపు చెరసాల పరిచర్య బృందము వచ్చు నెల మొదటి శనివారము మీ చెరసాలకు వచ్చుచున్నది. వారితో నేనును వచ్చుచున్నాను. బృందపు మనిషిగా వచ్చుట చేత నీతో విడిగా మాటలాడుటకు నాకు అనుమతి లేదు. నీవు వారి ప్రార్థన కూడికకు వచ్చి కూర్చుండిన యెడల అదియే నాకు పదివేలు. విడుదలైన పిమ్మట మన గృహమునకే రావలెనని నా వినయపూర్వక మనవి.

ప్రభువునందు నీ ప్రియ సహోదరి
(వేలిముద్ర)

*

ఫిబ్రవరి 17

అక్కా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. డాక్టరు ఏమన్నాడు? దాచకుండా చెప్పు.

"ప్రియమైన సహోదరునికి" అట! నేను పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను దున్నపోతూ అన్నావు, చెక్కమొహమా అన్నావు, నా ప్రాణానికి పుట్టినవాడా అన్నావు. ప్రియమైన అని ఎప్పుడైనా అన్నావా? "వినయపూర్వక మనవి" అట! దేవుడి దగ్గర కూడా నువ్వు మనవి చేసుకోవడం నేను చూళ్ళేదు. ఆయనకి పని పురమాయిస్తావు, అయిందా లేదా అని మర్నాడు అడుగుతావు. ఉత్తరం మా బ్యారక్‌లో పెద్దాయనకి చూపిస్తే, మనిషికి ఇంత మెత్తదనం ఆఖర్లోనే వస్తుంది నాయనా అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. గుండెనా? కాలేయమా? చెప్పు.

కూడికకి మాత్రం నేను రాను. నీకు జబ్బున్నా రాను, ఏమీ అనుకోకు. ఈ ఖైదీ తెల్ల చొక్కాలో నువ్వు నన్ను చూడటం నాకు ఇష్టం లేదు. ములాఖత్తుకి రాకపోవడమూ అందుకే. ఆ శనివారం వడ్రంగి షెడ్డులో పని వేయించుకుంటున్నాను.

విడుదల జూన్‌లో అంటున్నారు. ఇంటికి రాను. మన సందు మొదట్లోనే ఆ టీకొట్టు. నా సుత్తి దెబ్బకి వంకరపోయిన ఆ కొట్టాయన చెయ్యి పొద్దున లేచి చూసుకుంటూ దాటాలా? పోనీ ఎందుకు కొట్టాను? చేసిచ్చిన బల్ల కాలు వంకరగా ఉందన్నాడని. అక్కా, ఇక్కడ కూర్చుని ఇంతకాలం ఆలోచిస్తే తేలింది. వంకరే. ఆయన చూపు కరెక్టు, నా కాలు తప్పు.

ఇక్కడి షెడ్డు మేస్త్రీకి వేరే ఊళ్ళో సామిల్లు వాళ్ళు తెలుసట, పనిలో పెట్టిస్తానన్నాడు. నా గది ఎవరికైనా ఇచ్చెయ్.

నీ తమ్ముడు

తా.క. ఇక్కడ ఉత్తరాలన్నీ ముందు ఒక సారు చదివి ముద్ర వేసి ఇస్తాడు. నీ ఉత్తరం ఇస్తూ ఆయన కూడా "ధైర్యంగా ఉండు" అన్నాడు.

*

మార్చి 9

ఒరేయ్ దున్నపోతూ,

ఇప్పుడు కుదుటపడిందా ప్రాణం? నేను చావట్లేదు. గుండె, కాలేయం, తక్కిన సామానంతా ఎక్కడివక్కడే ఉన్నాయి. మీ బ్యారక్ పెద్దాయనకి చెప్పు, ఆయన్ని సాగనంపాకే నేను కదులుతానని.

ఆ ఉత్తరం రాసింది పాస్టరమ్మ గారు. నేను చెప్పింది ఏమిటంటే, "ఒరేయ్ చెక్కమొహమా, ముక్కు మీద కోపంతో ఊరేగింది చాలు, ముందు ఇంటికి తగలడు" అని. ఆవిడ దాన్ని వినయపూర్వక మనవి చేసింది. నాకు చదువు రాదు కాబట్టి కాగితం నిండింది కదా అని వేలు నొక్కాను. అందుకే ఈసారి రాయడానికి పక్కింటి టైలరమ్మని కూర్చోబెట్టాను. ఇచ్చిన కొలతకి కత్తిరించు తల్లీ, నీ సొంతంగా కుచ్చిళ్ళు పెట్టకు అని ముందే చెప్పాను. (నేను టైలరమ్మని. దగ్గు తప్ప అన్నీ రాస్తున్నాను.)

ఇక అసలు సంగతి. రాను రాను అంటూనే వచ్చావు కదరా! నాకు తెలుసు, వస్తావని.

గేటు దగ్గర హెడ్మాస్టరు గారు మమ్మల్ని నిలబెట్టి రూల్సు చెప్పారు. ఆయన రిటైరై మా బృందానికి నాయకుడయ్యారు కానీ, ఇంకా చేతిలో బెత్తం ఉన్నట్టే మాట్లాడతారు. ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు, బయటి కబుర్లు చెప్పకూడదు, అడ్రసులు ఇవ్వకూడదు, తినేవి పెట్టకూడదు. మరి మిగిలిందేమిటండీ, దగ్గొచ్చా అన్నాను. ఆయన నవ్వలేదు.

హాల్లో పాటలయ్యాయి, వాక్యం అయింది. వాక్యం చెప్పినంతసేపూ నేను నిన్నే వెతుకుతున్నాను. అందరూ ఒకే రంగు బట్టల్లో గంజి పెట్టిన దిండు గలీబుల్లా వరసగా ఉన్నారు. చివరికి దొరికావు. వెనక వరుసలో కిటికీ పక్కన, తల వంచుకుని. గుండు ఎందుకు చేయించుకున్నావురా? పేలు పడ్డాయా? నన్ను చూసి కూడా చూడనట్టు నటించావు. అప్పుడే వయసులో పెద్దావిడ అని చిన్న ప్రార్థన చెయ్యమన్నారు నన్ను. చిన్న ప్రార్థన. నన్ను.

నీతో మాట్లాడకూడదు కానీ దేవుడితో మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు కదా. లేచి చెయ్యెత్తి మొదలుపెట్టాను. విన్నావు కానీ, మర్చిపోతావని మళ్ళీ రాయిస్తున్నాను.

"ప్రభువా, వందనాలు. ఎండ కాస్త తగ్గించావు, దానికీ వందనాలు. ఇప్పుడు అసలు సంగతి. ఆ వెనక వరుసలో కిటికీ పక్కన బోడిగుండుతో ఒక మొండివాడు కూర్చున్నాడు చూడు, వాడి చెవి పట్టుకో. వాడి అక్క ఇంకా బతికే ఉందని చెప్పు. వాడు చేసింది తప్పే. శిక్ష పడింది, అది అయిపోవచ్చింది. ఆ పైన వాడు సొంతంగా పెంచుకుంటున్న శిక్ష ఎవరు వేశారో అడుగు. వాడి గది రోజూ ఊడుస్తున్నాను, నా నడుం సంగతి నీకు తెలుసు. మా సందులో ఇళ్ళన్నీ మారిపోయాయి, వాడు గుర్తుపట్టలేడు. పిండిమర దాటాక ఎడమ చేతి వైపు నీలం తలుపు అని చెప్పు. వాడికి తెలియాలనే ఆ రంగు వేయించాను. విడుదలైన రోజు తిన్నగా అక్కడికే రమ్మను. ఆమెన్."

నువ్వు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చావు. భుజాలు కదలడం నా కళ్ళారా చూశాను. మన అమ్మ పోయిన రోజు కూడా ఏడవని మొద్దువి, నా ప్రార్థనకి ఏడ్చావు!

మర్నాడు ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. రాతిగుండె తమ్ముణ్ణి ఒక్క ప్రార్థనతో కరిగించానన్నాను. చప్పట్లే చప్పట్లు. పాస్టరు గారు నన్ను "చెరసాల తలుపులు తెరిచిన తల్లి" అన్నారు. ఆ బిరుదు మోసుకుని ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసింది.

నీ అక్క
(వేలిముద్ర. ఈసారి గట్టిగా నొక్కాను)

ఇది ముందుగా చదివే సారుకి: అయ్యా, వాడికి ధైర్యం చెప్పక్కర్లేదు. బుద్ధి చెప్పండి.

*

మార్చి 22

అక్కా,

కూర్చుని విను. టైలరమ్మ గారూ, ఆవిడ్ని ముందు కూర్చోబెట్టి చదవండి.

ఆ బోడిగుండు నేను కాదు.

నేను చెప్పినట్టే ఆ రోజు షెడ్డులో ఉన్నాను. ఆఫీసు కుర్చీలకి చిత్రిక పడుతున్నాను. నా జుట్టు నా నెత్తి మీదే ఉంది, ఉన్నంతలో. నీ కంటికి పొర పట్టింది, ఆపరేషన్ చేయించుకో అని నేను బయట ఉన్నప్పుడే మొత్తుకున్నాను. కంటి డాక్టర్ని నువ్వు "నాకు బాగానే కనబడుతుంది, నీకే కళ్ళజోడుంది" అని తిట్టి వచ్చేశావు. గుర్తుందా?

నువ్వు ఏడిపించింది ఇక్కడి తోటాయన్ని. గేటు లోపలి పూలమొక్కలు ఆయనే చూస్తాడు. నా వయసే ఉంటుంది. ఆయనకి ఒక్క ఉత్తరం రావడం మేమెవరమూ చూళ్ళేదు. ములాఖత్తుకి ఎవరూ రారు. చేసినదానికి పూర్తిగా శిక్ష అనుభవించాడు, వచ్చే నెలలో వెళ్ళిపోతాడు. ఎక్కడికి వెళ్తావని ఎప్పుడడిగినా పైకి చూసేవాడు. మొన్న ఆఫీసులో అడిగితే టక్కున చెప్పాడట: "పిండిమర దాటాక ఎడమ చేతి వైపు, నీలం తలుపు." రాసేసుకున్నారు.

అసలు విషయం చెప్దామని తోటలోకి వెళ్ళాను. ఆయన నీళ్ళు పోస్తూ, పక్కవాడితో ఆ నీలం ఆకాశం నీలమా ఇంకు నీలమా అని వాదిస్తున్నాడు. నన్ను చూసి "నీకేమనిపిస్తుందయ్యా, వడ్రంగివి కదా, తలుపుకి ఏ నీలం వేస్తారు?" అన్నాడు. ఇంకు నీలమే వేస్తారని చెప్పి వచ్చేశాను.

నీ పొరపాటు నువ్వే విప్పుకో. ఎలాంటివాడో తెలియకుండా ఇంట్లో మాత్రం పెట్టుకోకు.

నీ తమ్ముడు (జుట్టున్నవాడు)

తా.క. ఉత్తరాలు చదివే సారు నీ ఉత్తరం గుమాస్తాలందరికీ చదివి వినిపించాడు. తర్వాతది ఎప్పుడొస్తుందని నన్ను అడుగుతున్నాడు.

*

ఏప్రిల్ 6

ఒరేయ్ చెక్కమొహమా,

నువ్వు ఆ కూడికకి వచ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేదా? సరే, నువ్వు రాకపోవడం వల్ల నాకు జరిగిన మర్యాదలు విను.

మీ జైలు ఆఫీసు నుంచి మా సంఘానికి ఫోనొచ్చింది. విడుదలయ్యే మనిషి మీ బృందంలో ఒకావిడ ఇంటి గుర్తులు ఇచ్చాడు, ఆయనకి ఎలా తెలిశాయి అని. సంఘ పెద్దలు నన్ను పిలిచారు. వాళ్ళంతా బల్లకి అటు, నేను ఇటు. నా వాదన ఇదీ.

"అయ్యా, నేను రూలు తప్పలేదు. ఆ మనిషికి నేనేమీ చెప్పలేదు. దేవుడికి చెప్పాను. మధ్యలో ఆ మనిషిని వినమన్నదెవరు?"

హెడ్మాస్టరు గారు, "దేవుడికి మీ ఇంటి తలుపు రంగు తెలియదామ్మా?" అన్నారు.

"తెలుసు. గుర్తుచేశాను. ఆయనకి చాలా తలుపులున్నాయి."

"మరి వేలు చూపించారెందుకు?"

"వెనక వరుస కదండీ, పైనుంచి కనబడుతుందో లేదో అని."

పాస్టరు గారు కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గో నవ్వో నాకు తెలీదు. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వకుండానే తీర్పు చెప్పారు. కంటి ఆపరేషన్ చేయించుకునేదాకా నేను జైలు బృందంలో ఉండకూడదు. మీ అందర్నీ మారుద్దామని వచ్చి శిక్ష వేయించుకుని వెళ్ళింది ఈ బృందంలో నేనొక్కదాన్నేనట.

అది చాలదన్నట్టు ఆదివారం మళ్ళీ సాక్ష్యం. నిలబడి, "పోయిన నెల చెప్పినది సగం నిజం. ఏడ్చిన మనిషి నిజం, తమ్ముడు అబద్ధం" అన్నాను. ఈసారి చప్పట్లు లేవు. పిల్లల వరుసలో మాత్రం బాగా నవ్వారు. చెరసాల తలుపులు తెరిచిన తల్లి తన చెప్పులు కనబడక పాస్టరమ్మ గారి చెప్పులు వేసుకుని ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఆ తోటాయన సంగతి. వచ్చిన రోజు గుమ్మంలోనే చెప్పేస్తాను. "నాయనా, నా కళ్ళు మంచివి కావు. నిన్ను కాదు పిలిచింది. ఆ గది నా తమ్ముడిది. ఏమీ అనుకోకు." ఇంతే. టైలరమ్మ ముందు రెండుసార్లు అప్పజెప్పాను. (బాగానే చెప్పింది. రెండోసారి సగంలో ఆపి పొయ్యి మీద పాలు చూడటానికి వెళ్ళింది. ఇది రాయొద్దంది.)

నువ్వు వస్తున్నావా లేదా? ఆ ముక్క ఒకటి తేల్చు. ఊడ్చి ఊడ్చి గది నేల అరిగిపోతోంది.

నీ అక్క
(వేలిముద్ర)

*

ఏప్రిల్ 27

నా ప్రాణానికి పుట్టినవాడా,

వచ్చాడు.

తలుపు తీస్తే ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో డబ్బాలో ఒక మొక్క. నన్ను చూడలేదు. తలుపు చూస్తున్నాడు. రంగు మీద వేలు పెట్టి, "ఇంకు నీలమే. మీ వడ్రంగి చెప్పాడు" అన్నాడు.

నేను నేర్చుకున్నదంతా నోటి చివరే ఉంది. నాయనా అన్నాను. తర్వాత ఏమొచ్చిందో తెలుసా? "కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను." నా నోరు నా మాట వినకపోవడం అదే మొదటిసారి. ఊళ్ళో అందర్నీ తిట్టగల నోరు, ఒక్క మనిషిని పొమ్మనలేకపోయింది. థూ!

నీ గదిలోనే పడుకుంటున్నాడు. నువ్వే కదా ఎవరికైనా ఇచ్చెయ్ అన్నావు.

నిజం చెప్పకుండా అన్నం పెడుతుంటే నాకే ముద్ద దిగడం లేదు. మొన్న చెప్పేద్దామని ఎదురుగా కూర్చున్నాను. ఆయనే అందుకున్నాడు. "నాకు తెలుసక్కా, మీరు పొరపాటు పడ్డారని. ఆ రోజే తెలుసు. నాకు అక్కే లేదు. కానీ ఏమీ తెలియని మనిషికి తలుపు రంగు ఎవరు చెప్తారు? ఎప్పుడు వెళ్ళిపొమ్మంటే అప్పుడు వెళ్ళిపోతాను" అన్నాడు.

కూర నా కంచంలోది ఆయన కంచంలో వేశాను.

పాస్టరు గారు వచ్చి చూసి మాట్లాడి వెళ్ళారు. హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు, రూల్సు చెప్పడానికి. గుమ్మంలో మొక్కలు చూసి, తన ఇంటి ముందు గులాబీ ఎందుకు ఎండిపోతోందని అడిగి, రూల్సు చెప్పకుండానే వెళ్ళిపోయారు.

అవును, మొక్కలు. ఒక్కటే తెచ్చాడనుకున్నాను, రోజుకొకటి పుడుతోంది. ఎండ బాగా పడుతుందని డబ్బాలన్నీ నీ పనిబల్ల మీద సర్దాడు. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తాడు.

ఇంకో సంగతి. ఆయన రోజూ సందు మొదట్లో టీ తాగుతాడు. నువ్వు చేసిన ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. కూర్చుంటే ఊగుతుంది, టీ ఒలుకుతుంది. మన తోటాయన మంచి మనసుతో ఇటుక ముక్క తెచ్చి ఆ కాలు కింద పెట్టబోయాడట. టీకొట్టాయన ఆ వంకర చేత్తోనే ఆపి, "తియ్. అది చేసినవాడే వచ్చి సరిచెయ్యాలి. ఇంకెవరి చెయ్యీ పడనివ్వను" అన్నాడట. నేను వెళ్ళి ఆయన ఎదుటే నిలబడ్డాను. ఆ మాటే నాకూ చెప్పాడు. అది కోపమో పిలుపో నాకు తెలియలేదురా. మొహం సరిగ్గా కనబడలేదు.

నీ అక్క
(వేలిముద్ర. పక్కన మట్టి మరక ఆయనది, స్టాంపు అంటించాడు)

*

మే 10

అక్కా,

నా పనిబల్ల మీద నీళ్ళా?

అది ఏ చెక్కో తెలుసా నీకు? మా గురువు చేతుల మీదుగా నాకు వచ్చిన బల్ల. దాని మీద నేను కాఫీ గ్లాసు కూడా పెట్టనివ్వలేదు నిన్ను. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తాడా? చెక్క ఉబ్బదా? ఉబ్బితే మళ్ళీ చిత్రిక ఎవడు పడతాడు, ఆయనా? ఆ డబ్బాలన్నీ వెంటనే దింపించు. పగుళ్ళకి నూనె పట్టించమను. వద్దు, ఆయన్ని ముట్టుకోవద్దను. నేనే పట్టిస్తాను.

ఎవరికైనా ఇచ్చెయ్ అన్నాను నిజమే. అంటే నిజంగా ఇచ్చేస్తావా? మనిషి కోపంలో అంటాడు. అలా అన్నప్పుడు నువ్వు తిట్టాలి, ఇచ్చెయ్యకూడదు. ఇన్నేళ్ళుగా నేను ఏమన్నా తిట్టావు, ఆ ఒక్క మాట మాత్రం విన్నావు.

పైగా అక్కా అంటున్నాడా నిన్ను?

షెడ్డు మేస్త్రీకి చెప్పేశాను, సామిల్లుకి వెళ్ళనని. జూన్ మొదటి వారంలో వదులుతున్నారు. వస్తున్నాను. పనిబల్ల కోసం.

టీకొట్టు బల్ల ఏ వైపుకి ఊగుతోంది? రోడ్డు వైపా, గోడ వైపా? తోటాయన్ని కూర్చోబెట్టి చూసి రాయించు. గోడ వైపైతే కాలు ఒక్కటీ మారిస్తే చాలు, రోడ్డు వైపైతే మొత్తం విప్పాలి. టీకొట్టాయన అన్నది కోపమైతే ఆయన కొడతాడు, నేను నిలబడతాను. రెండో చేత్తో కొట్టాల్సి వస్తుంది ఆయన. ఈ మాట రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను, ఎందుకంటే అది నిజం, దాన్ని అలా చేసింది నేను.

పిలుపైతే ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియడం లేదు.

నీ తమ్ముడు

*

మే 29

ఒరేయ్ తమ్ముడూ,

రోడ్డు వైపు. మొత్తం విప్పుకో.

కంటి ఆపరేషన్ అయింది, ఒక కన్నుకి. పాస్టరమ్మ గారే తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. డాక్టరు గారికి క్షమాపణ చెప్పమన్నారు, చెప్పాను, వినయపూర్వకంగానే. కట్టు విప్పగానే మొదట చూసింది మన గోడలు. ఇంత మురికిలో బతికానా నేను? రోజూ ఊడ్చానని దేవుడికి చెప్పింది ఈ గదినేనా? ఆయన ఏమనుకుని ఉంటాడో! తర్వాత అద్దంలో నా మొహం చూసుకున్నాను. దాని గురించి రాయించదల్చుకోలేదు. (నిజంగానే ఆపేసింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది.)

నల్ల కళ్ళజోడు పెట్టుకుని తిన్నగా టీకొట్టుకి వెళ్ళాను. ఎదురుగా నిలబడి, ఆ రోజన్న మాట మళ్ళీ అనవయ్యా, ఈసారి చూస్తాను అన్నాను. "కోపమే అమ్మా. కోపం లేకపోతే ఊగే బల్ల ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకుంటాను? ఎప్పుడో పొయ్యిలో పెట్టేవాణ్ణి. వస్తే పొద్దున్నే రమ్మనండి, గిరాకీ లేని వేళ" అన్నాడు. నీకు అర్థమైతే నాకు చెప్పు.

బృందంలోకి ఇంకా తీసుకోలేదు నన్ను. రెండో కన్ను కూడా అవ్వాలట. మంచిదే. నువ్వు వచ్చే రోజు బృందం మనిషిగా కాదు, అక్కగా వచ్చి గేటు బయట నిలబడతాను. పేరు పెట్టి పిలుస్తాను, కబుర్లు చెప్తాను, తినేవి కూడా తెస్తాను. ఆ హెడ్మాస్టరు గారు ఏం చేస్తారో చూస్తాను. బయటికొచ్చిన మొదటివాణ్ణి పట్టుకుని తిట్టడం మొదలుపెడతానని భయపడకు. తోటాయన పక్కనే ఉండి, ఇతనే అని నీ వైపు వేలు చూపిస్తానన్నాడు. నువ్వు తెల్ల చొక్కాలో ఉన్నా ఏ చొక్కాలో ఉన్నా, ఈసారి నిన్నే తిడతాను.

నీ పనిబల్ల ఖాళీ చేయించాను. మచ్చలు పడ్డాయి, నిజమే. నూనె పట్టించలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

గది కూడా ఖాళీ చేస్తానని ఆయన సంచి సర్దుకున్నాడు. నేనే సంచి లాక్కుని మేకుకి తగిలించాను. టైలరమ్మ టేపు పెట్టి కొలిచింది, గదిలో రెండు మంచాలు పడతాయి. ఉన్నది ఒక్కటే. రెండోది నువ్వే చెయ్యాలి.

కాళ్ళు సరిగ్గా పెట్టు.

నీ అక్క
(వేలిముద్ర. ఇన్నాళ్ళకి కనబడింది నాకు, ఇన్ని గీతలుంటాయా దాంట్లో!)